ముద్దు మాటకి తర్జుమా

బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. బిర్గిట్ వంటగది తలుపు తీసి తల మాత్రం లోపలికి పెట్టి, "నుర్జన్, ఒక్క నిమిషం వస్తావా?" అంది.

ఆ ఒక్క నిమిషం నాకు అలవాటే. జర్మనీలో డూయిస్‌బర్గ్ ఉత్తరాన ఉన్న మా శిశువిహారానికి బిర్గిట్ పెద్ద. నేను వంటగదిలో సాయం మనిషిని. నా జీతం దుంపలకీ గిన్నెలకీ నేల తుడవడానికీ ఇచ్చేది. కానీ టర్కీ నుంచి కొత్తగా వచ్చిన తల్లి ఎవరైనా జర్మన్ అర్థంకాక నిలబడితే ఆ ఒక్క నిమిషం నాది. పిల్లాడికి పేలు పట్టాయని చెప్పాలంటే నేనే, మీ అమ్మాయి పక్కవాళ్ళని కొరుకుతోందని చెప్పాలంటే నేనే, మీ ఆయన సంతకం కావాలని చెప్పాలంటే నేనే. తల్లులు ఏడిస్తే కాగితం రుమాలు అందించేదీ నేనే. తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద పెట్టినది అడుగంటితే తిట్లు తినేది కూడా, ఇంకెవరు, నేనే. ఎప్పుడైనా ఒక్కమాట అనబోతే బిర్గిట్ భుజం మీద చెయ్యి వేసి "నువ్వు లేకపోతే మా గతి ఏమిటి, నుర్జన్" అంటుంది. ఆ మాటకే కరిగిపోయి తిరిగి దుంపల దగ్గరికి వెళ్ళిపోతాను. ఇంట్లోనూ అంతే. మా అత్తగారి మోకాళ్ళ డాక్టరు దగ్గరా, ఇంటి యజమాని దగ్గరా, పన్నుల ఆఫీసులోనూ మాట్లాడేది నేనే. మా ఆయన తహ్సిన్ ఈ ఊళ్ళోనే పుట్టాడు, సిటీ బస్సు నడుపుతాడు, జర్మన్ నాకంటే బాగా వచ్చు. "నేను మాట్లాడితే గొడవకొచ్చాననుకుంటారు, నువ్వైతే మెత్తగా చెప్తావు" అంటాడు. అందులో నిజం లేకపోలేదు. గడ్డంతో అంత ఎత్తు మనిషి కౌంటరు ముందు నిలబడితే అవతలివాళ్ళ గొంతు మారడం నా కళ్ళతో చూశాను. కానీ ఆ నిజం వల్ల నా పని పెరిగింది, అతనిది తగ్గింది.

చేతులు తుడుచుకుని వెళ్ళాను. గదిలో తల్లి ఎవరూ లేరు. బిర్గిట్, మా అమ్మాయి రుయా తరగతి టీచరు, ఖాళీ కుర్చీ ఒకటి. నేను లోపలికి రాగానే బిర్గిట్ తలుపు మూసింది. ఆ తలుపు ఎప్పుడూ మూయరు.

"ఇవాళ మాట్లాడాల్సింది నీ గురించే," అంది.

రుయాకి ఐదేళ్ళు. ఆ పక్క గదిలోనే ఉంది, పాట పాడుతున్న పిల్లల గొంతుల్లో దాని గొంతు నేను విడిగా వినగలను. ఏం జరిగిందో టీచరు చెప్పింది. పొద్దున పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, పండక్కి ఎవరెవరు ఏం చేశారో చెప్పమందట. రుయా లేచి, మా మామయ్య వాళ్ళు గొర్రెను కుర్బాన్ చేశారు అందట. కుర్బాన్ అంటే ఏమిటి అని టీచరు అడిగితే, మెడ కోస్తారు అని చేత్తో చూపించిందట. అక్కడితో ఆగితే బాగుండేది.

"తర్వాత ఏమందో తెలుసా?" టీచరు గొంతు తగ్గించింది. "మా నానమ్మ కూడా నా కోసం కుర్బాన్ అవుతుంది, రోజూ జడ వేసేటప్పుడు చెప్తుంది. నాకు వద్దు అన్నాను, అయినా అవుతానంటుంది. నా కోసం చచ్చిపోతానంటుంది. ఇదీ అన్నది. నేను మళ్ళీ మళ్ళీ అడిగాను, నుర్జన్. అదే చెప్పింది."

నాకు ముందు నవ్వొచ్చింది. నిజంగా. నవ్వు గొంతుదాకా వచ్చి, వాళ్ళిద్దరి ముఖాలు చూసి ఆగిపోయింది. కుర్బాన్ ఒలాయిమ్ సనా. నీకు నేను కుర్బాన్ అయిపోతాను, నీ కోసం బలైపోతాను. మా ఇళ్ళల్లో ముసలమ్మలు ఊపిరి పీల్చినంత సులువుగా అనే మాట ఇది. పిల్ల తుమ్మితే అంటారు, అన్నం తింటే అంటారు, తినకపోతే అంటారు. మా అత్తగారు నెబహత్ మందుల షాపు కుర్రాడు మెట్ల మీద సంచీ మోసిపెడితే అతనికి కూడా బలైపోతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎంతమందికి బలైందో లెక్కపెడితే ఊరికి ఒక్క గొర్రె కూడా అక్కర్లేదు. కానీ ఈ మాటని జర్మన్‌లో ఎలా చెప్పాలి? జర్మన్‌లో బలికి ఓప్ఫర్ అంటారు. హత్యకి గురైనవాడినీ దెబ్బలు తిన్న ఆడదాన్నీ కూడా ఆ మాటతోనే అంటారు. వార్తల్లో బాంబు పేలిన చోట ఎంతమంది ఓప్ఫర్ అని చదువుతారు. ఆ మాట ఈ గదిలో నా నోట్లోంచి బయటికొస్తే దాని వెనకాల ఏమేం వస్తాయో నాకు తెలుసు.

టీచరు ఇంకా అడిగింది. అడగడానికి ఆమెకీ ఇబ్బందిగానే ఉంది. "మతం కోసం చనిపోవడం గురించి... ఇంట్లో మాట్లాడుకుంటారా? పాప ముందు?"

నెబహత్ మెట్లెక్కాలంటే మధ్యలో ఆగాలి. ఏదో బడిలో జర్మన్ పిల్లలు తొక్కిన నేలలు తుడిచి తుడిచి అరిగిన మోకాళ్ళవి. ఆవిడ మతం కోసం చనిపోవడమా? ఆవిడ బాత్‌రూమ్‌లో నేల తడిగా ఉంటేనే చచ్చిపోతానేమోనని అరుస్తుంది. ఇదంతా చెప్పి ఉండాల్సింది. ఇది ముద్దు మాట అని, మీరు 'నిన్ను తినేయాలనుంది' అని పిల్లలతో అంటారే, బిర్గిట్, నువ్వే అంటావే, అలాంటిదే అని చెప్పి ఉండాల్సింది. రోజూ ఊరందరి మాటలూ చెప్పేదాన్ని, నా దాకా వచ్చేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. అంతకుముందు నేను చెప్పేది వేరేవాళ్ళ మాట కాబట్టి నమ్మేవాళ్ళు. ఇప్పుడు నేను కూర్చున్నది ఆ తల్లుల కుర్చీలో.

"రుయా తప్పుగా విన్నట్టుంది," అన్నాను. "మా అత్తగారు అలాంటి మాట ఎప్పుడూ అనలేదు."

ఎందుకన్నానో నాకే తెలీదు. భయమే నాచేత ఆ మాట అనిపించింది. బిర్గిట్ అలవాటుగా నా భుజం మీద చెయ్యి వేసింది. "నిన్ను నమ్ముతాను. నువ్వు మా మనిషివి. కానీ పిల్లలు ఇలాంటివి చెబితే పిల్లల సంక్షేమం చూసే ఆఫీసుకి తెలియజేయాలి, నియమం. ఎవరో ఒకరు ఇంటికొచ్చి ఊరికే మాట్లాడి వెళ్తారు. నువ్వు కాబట్టి ముందే చెప్తున్నాను," అంది. నేను థాంక్స్ చెప్పాను. అవును, థాంక్స్ చెప్పి వెళ్ళి మిగిలిన దుంపలు చెక్కు తీశాను.

నాలుగింటికి వంటగది టోపీ తీసి తలకి స్కార్ఫ్ కట్టుకున్నాను. ఆ టోపీ కింద కూడా నా జుట్టు ఒక్క వెంట్రుక కనబడదు, శుభ్రత కోసం కదా, ఎవరికీ ఏమీ అనిపించదు. అదే తలకి స్కార్ఫ్ చుట్టుకుని నడవాలో నిలబడితే కొందరు తల్లులు పిల్లల చెయ్యి కాస్త గట్టిగా పట్టుకుంటారు. రోజూ చూస్తూనే ఉన్నాను కాబట్టి పట్టించుకోవడం మానేశాను. ఆ రోజు మాత్రం ప్రతి చూపూ నాకు తగిలింది. రుయా బ్యాగు ఊపుకుంటూ వచ్చి, "అమ్మా, ఇవాళ నేను కుర్బాన్ గురించి చెప్పాను, అందరూ చప్పుడు చెయ్యకుండా విన్నారు!" అంది గొప్పగా.

ఆ ఆఫీసంటే మా వీధిలో పేరు పెట్టి కూడా పిలవరు. 'ఆ ఆఫీసు' అంటారు. వాళ్ళు పిల్లల్ని తీసుకెళ్తారట. పక్క వీధిలో ఎవరివో కవలల్ని తీసుకెళ్ళారట, తల్లికి నెలకోసారి చూపిస్తారట, అది కూడా మధ్యలో ఒకళ్ళు కూర్చుని వింటూ ఉంటారట. ఎవరూ కళ్ళారా చూసిందిలేదు, అన్నీ 'అట'లే. నేను చదువుకున్నదాన్ని, ఊరికే ఎవరి పిల్లల్నీ ఎత్తుకుపోరని నాకు తెలుసు. కొట్టే తండ్రి చేతుల్లోంచి పిల్లల్ని కాపాడిన ఆఫీసు కూడా అదేనని తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ రోజు నుంచీ కింద కారు ఆగిన చప్పుడైతే చాలు, రుయా ఎక్కడుందో చూసుకునేదాన్ని. బజార్లో దాని మణికట్టు పట్టుకుని నడిస్తే "నొప్పి పెడుతోందమ్మా" అంటే, ఆ మాట ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసేదాన్ని.

తహ్సిన్‌కి చెప్తే ముందు కోపం వచ్చింది. "అక్కడ చేర్పిద్దామన్నది ఎవరు? నేను పనిచేసే చోటే అయితే కళ్ళ ముందు ఉంటుందన్నావు. ఉంది కదా కళ్ళ ముందు!"

"ఇప్పుడు నన్నంటే ఏం లాభం?"

"నిన్ను కాక ఎవర్ని అనను? వాళ్ళలో తిరిగేది నువ్వు. వాళ్ళకి ఏది చెప్తే నచ్చుతుందో నీకు తెలుసు." తర్వాత గొంతు తగ్గింది. బస్సు దిగి వచ్చిన యూనిఫాంలోనే కుర్చీలో కూలబడి గడ్డం రుద్దుకున్నాడు. అతనికీ భయం వేసిందని అప్పుడు అర్థమైంది, నాకు ఇంకా భయం వేసింది. "ఏమన్నావు మరి వాళ్ళతో?"

"అమ్మ ఆ మాట అనదని చెప్పాను."

"బాగా చెప్పావు," అన్నాడు. నేను తిడతాడనుకున్నాను. "ఇంక దాని మీదే ఉండు. అమ్మకి చెప్పు, ఆ మాట నోట్లోంచి రాకూడదు. రుయాకి కూడా చెప్పు, అబద్ధం చెప్పానని చెప్పమను. చిన్నపిల్ల, దానికేం పోతుంది?"

"నువ్వే చెప్పొచ్చు కదా మీ అమ్మకి."

"నాకు రేపు తెల్లారే డ్యూటీ," అన్నాడు తహ్సిన్.

కాబట్టి నెబహత్‌కి చెప్పింది కూడా నేనే. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బీన్స్ గిల్లుతోంది. మేము అత్తగారిని అమ్మా అనే పిలుస్తాం. పక్కన కూర్చుని, నేనూ గిల్లుతూ, మెల్లగా చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగలేదు.

"ఏమే అమ్మాయ్, నేను పిల్లకి కుర్బాన్ అవుతానంటే పోలీసులొస్తారా?"

"పోలీసులు కాదమ్మా. ఆఫీసు వాళ్ళు."

"ఎవరైతే ఏంలే. మరి వీళ్ళు వాళ్ళ పిల్లల్ని ఏమని ముద్దు చేస్తారు?"

"బంగారం అంటారు. ఎలుకా అంటారు."

నెబహత్ అప్పుడు తలెత్తింది. "ఎలుకా అంటారా! పిల్లని పట్టుకుని ఎలుకా అంటే ఏ ఆఫీసూ రాదా?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇది కాక ఇంకోటి నాకు రాదే. మా అమ్మ నాకు ఇదే అంది, నేను తహ్సిన్‌కి ఇదే అన్నాను. ఇప్పుడు నోరు కుట్టేసుకోమంటావా?"

"కొన్నాళ్ళేనమ్మా. ఆ ఆఫీసు వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా."

"సరేలే," అంది. "పిల్ల మన దగ్గరుంటే చాలు."

ఆవిడతో చెప్పలేదు కానీ, రుయాని ఎలుకపిల్లా అని పిలిచేది నేనే. జర్మన్‌లో, మౌసి అని. నా జన్మలో ఒక్కసారి కూడా నేను ఆ కుర్బాన్ మాట నా కూతురితో అనలేదు. అనకూడదని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక్కడి బడి గేటు దగ్గర నేను పడి మోకాలు చీరుకుపోతే మా అమ్మ అందరి ముందూ పరిగెత్తుకొచ్చి, ఆ పొడుగు కోటూ తలగుడ్డా వేసుకుని, నేల మీద కూర్చుని నా కాలు పట్టుకుని కుర్బాన్ ఒలాయిమ్, కుర్బాన్ ఒలాయిమ్ అని ఏడ్చింది. మీ అమ్మ ఏమంటోంది అని ఒక అమ్మాయి అడిగింది. నేను పిచ్చిదాన్ని, తర్జుమా చేసి చెప్పాను. ఓప్ఫర్ అన్నాను. ఆ మాట జర్మన్ పిల్లల నోట్లో ఒక తిట్టు కూడా, చేతకాని వెధవ అని. ఇక ఆ ఏడంతా నా పేరు అదే. ఇంటికెళ్ళి మా అమ్మతో, ఇంకెప్పుడూ బడి దగ్గరికి రావద్దు అని చెప్పాను. ఆవిడ రాలేదు. ఇప్పుడు మా అమ్మ లేదు. ముద్దు చేయాలని నాకు మనసులో ఏది పుట్టినా ముందు జర్మన్‌లోకి మార్చి చూసుకుంటాను, అక్కడ బాగా వినబడితేనే బయటికి అంటాను. అలా ఎన్ని మాటలు నాలోనే ఉండిపోయాయో.

రుయాకి స్నానం చేయిస్తూ చెప్పాను. దాని వీపు మీద సబ్బు నురగ, చేతిలో ప్లాస్టిక్ పడవ.

"ఒకావిడ వస్తుంది మనింటికి. నానమ్మ గురించి అడిగితే, నేను అబద్ధం చెప్పాను, మా నానమ్మ ఆ మాట అనదు, అని చెప్పాలి."

"కానీ అంటుంది కదా."

"అంటుంది. కానీ అనదని చెప్పాలి."

"అబద్ధం చెప్తే అల్లాకి తెలుస్తుందన్నావు."

"ఈ ఒక్కసారికీ ఏమీ అనుకోడు."

రుయా పడవని నీళ్ళల్లో ముంచింది. "నానమ్మ నాకు కుర్బాన్ అవ్వదా ఇంక?"

"అవ్వదు."

"ఎందుకు? నేనేం చేశాను?"

నేను చెంబుతో నీళ్ళు పోశాను, తలమీంచి, కళ్ళు మూసుకోమని.

తర్వాతి రోజుల్లో మా ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో చెప్పలేను. పొద్దున జడ వేసేటప్పుడు నెబహత్ పెదాలు కదిలేవి, 'కుర్' దాకా వచ్చేది, మింగేసేది. మింగి, మాట్లాడటానికి ఇంకేమీ దొరక్క దువ్వెన గట్టిగా లాగేది. రుయా 'అబ్బా' అనేది. దానికి కూడా జవాబు ఉండేది కాదు. ఆ ఒక్క మాట తీసేస్తే ఆవిడ నోట్లో మిగిలినవన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే అని తేలింది. నెబహత్ పిల్లని ఒళ్ళోకి తీసుకోవడం కూడా మానేసింది. తీసుకుంటే నోరు ఆగదని భయం. రుయా ఒకసారి కావాలనే తుమ్మింది. అబద్ధం తుమ్ము. నానమ్మ ముఖంలోకి చూస్తూ ఇంకోసారి తుమ్మింది. నెబహత్ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. శిశువిహారంలో రుయా గుండ్రంగా కూర్చునే వేళ మాట్లాడటం మానేసిందని టీచరు చెప్పింది. ఇదంతా మా మంచికే అని నాకు నేను చెప్పుకుంటూ దుంపలు చెక్కాను.

ఆవిడ వచ్చే రోజు మధ్యాహ్నం ఇల్లంతా భయంతో సర్దాం. హాల్లో గోడమీద కాబా బొమ్మ ఉంటుంది. తహ్సిన్ దాన్ని తీసి, గోడమీద తెల్లగా చతురస్రం మచ్చ కనబడేసరికి మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, ఆ మేకుకి ఊరి ఫుట్‌బాల్ జట్టు మఫ్లర్ తగిలించాడు. ఫ్రీజర్‌లో పండగ మాంసం కింది అరలోకి తోసి పైన బఠాణీ ప్యాకెట్లు పేర్చాను. చివరికి నా కళ్ళు వంటింటి గోడకున్న కత్తుల వరస మీద పడ్డాయి. రోజూ చూసే కత్తులే, ఆ క్షణం కసాయి కొట్టులా కనబడింది. ఏ అల్మరాలో పెట్టినా తెరిస్తే కనబడతాయనిపించి, అన్నీ తువ్వాల్లో చుట్టి బాత్‌రూమ్‌లోని వాషింగ్ మెషీన్‌లో పెట్టి తలుపు మూశాను. నెబహత్ మా పొరల రొట్టె బోరెక్ చేస్తానంటే తహ్సిన్ వద్దన్నాడు, ఆపిల్ కేకు చెయ్యమన్నాడు, వాళ్ళకి అది ఇంటి వాసనలా ఉంటుందట. కేకు నేనే చేశాను. చెప్పాలా?

వెసెల్ అని ఆవిడ పేరు. నాకంటే చిన్నది. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పింది. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి వేలు కనబడుతోంది. ఆవిడ దాన్ని దాచుకోవాలని రెండో పాదం పైన పెట్టుకుంది. చెడ్డ మనిషైతే నాకు కాస్త ధైర్యంగా ఉండేదేమో. అంత మంచిగా నవ్వే మనిషి దగ్గర ఏం జాగ్రత్త పడాలో తెలీదు.

వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ పోశాను. కేకు బల్ల మీద పెట్టాను. పెట్టాక అందరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. నా చెయ్యి అలవాటుగా కత్తుల గోడ వైపు వెళ్ళి, ఖాళీ మేకుల దగ్గర ఆగిపోయింది. బాత్‌రూమ్ తలుపు వెసెల్‌కి ఎదురుగానే ఉంది. వాషింగ్ మెషీన్‌లోంచి కత్తి తీసి తుడుచుకుంటూ రావడం ఊహించుకున్నాను. స్పూన్ తీసుకుని కేకుని పొడిచి ముక్కలుగా విరిచాను. ముక్కలు పొడి పొడి అయ్యాయి.

"కత్తి తెమ్మంటారా నన్ను? ఎక్కడుంటుంది?" అని వెసెల్ లేవబోయింది.

"కత్తులు ఉతకడానికి వేశాం," అన్నాడు తహ్సిన్.

ఎవరూ నవ్వలేదు. వెసెల్ కూర్చుని, పొడి అయిన కేకు తిని, చాలా బాగుంది అంది. ఆవిడ కళ్ళు ఒకసారి ఖాళీ మేకుల మీదకి వెళ్ళి వచ్చాయి. నెబహత్ తలుపు పక్కన చెక్క కుర్చీలో, పరాయి ఇంటికి వచ్చినదానిలా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరు తనవైపు చూసినా తల ఊపుతోంది.

తర్వాత వెసెల్ నేల మీద రుయా పక్కన కూర్చుని బొమ్మ జుట్టు గురించి మాట్లాడింది. బొమ్మకి జడ ఎవరు వేశారు అంది. నేనే అంది రుయా. నీకెవరు వేస్తారు? నానమ్మ.

"నానమ్మ గురించి టీచరుకి ఏదో చెప్పావట కదా?"

రుయా బొమ్మని కింద పెట్టి, బడిలో పద్యం అప్పజెప్పేవాళ్ళలా నిటారుగా కూర్చుంది. "నేను అబద్ధం చెప్పాను. మా నానమ్మ ఆ మాట అనదు."

తహ్సిన్ మెల్లగా ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను. అయిపోయిందనుకున్నాను.

"ఓహో," అంది వెసెల్. "మరి నానమ్మ నీతో ఏమంటుంది?"

ఇది నేర్పలేదు. రుయా నా వైపు చూసింది. జవాబు కోసం నా ముఖమంతా వెతికింది. నేను కళ్ళు దించుకున్నాను.

"ఏమీ అనదు," అంది రుయా.

"ఏమీ అనదా?"

"ముందు అనేది. నేను చెప్పేశాను కదా, అందుకని నేనంటే ఇంక ఇష్టం లేదు నానమ్మకి." దాని కింది పెదవి వణికింది. "నేను తుమ్మినా కూడా ఏమీ అనట్లేదు."

పెద్దగా ఏడిస్తే బాగుండేది. అది ఏడవలేదు, చప్పుడు బయటికి రాకుండా భుజాలు మాత్రం ఎగరేస్తోంది. ఐదేళ్ళ పిల్లకి అలా ఏడవడం ఎవరు నేర్పారు? మేం నేర్పాం. కొన్ని రోజులు చాలాయి. నెబహత్‌కి జర్మన్ అర్థం కాలేదు. "ఎందుకేడుస్తోంది? ఏమన్నారు పిల్లని? నుర్జన్, ఏమంటోందే?" అని టర్కిష్‌లో అడుగుతోంది. ఆవిడ లేవబోయి, వెసెల్‌ని చూసి, మళ్ళీ కూర్చుని, తలగుడ్డ కొస నోట్లో పెట్టుకుని పళ్ళతో బిగించింది. ఆ మాట బయటికి రాకుండా. వెసెల్ ఆవిడ వైపు చూసింది, నోట్లో గుడ్డ పెట్టుకున్న ముసలమ్మ వైపు, తర్వాత పిల్ల వైపు, తర్వాత నా వైపు. ఆ చూపులో ఇప్పుడు నవ్వు లేదు. వచ్చినప్పుడు ఆవిడకి ఈ ఇంటి మీద అనుమానం ఉందో లేదో నాకు తెలీదు. ఇప్పుడు ఉంది, మేమే కలిగించాం.

ఇంకొక అబద్ధం నా నాలుక మీద తయారుగా ఉంది. అలిసిపోయింది, నిద్రొస్తోంది, అలా ఏదో ఒకటి. నేను ఎప్పుడు లేచానో, ఎప్పుడు నేల మీద కూర్చున్నానో తెలీదు. రుయాని లాగి ఒళ్ళో వేసుకున్నాను. దాని ముక్కు నా మెడకి తడిగా తగిలింది. నా నోట్లోంచి జర్మన్ రాలేదు. దేన్నీ మార్చి చూసుకునే వ్యవధి లేదు.

"కుర్బాన్ ఒలాయిమ్ సనా," అన్నాను. "కుర్బాన్ ఒలాయిమ్, నా తల్లీ, నీకు నేను కుర్బాన్ అయిపోతాను." గట్టిగానే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రుయా ఏడుపు ఆపి తలెత్తి నన్ను చూసింది. నెబహత్ నోట్లోంచి గుడ్డ జారిపోయింది.

"ఏమన్నారు మీరు?" అడిగింది వెసెల్.

"ఏడవొద్దు అన్నానని చెప్పు," అన్నాడు తహ్సిన్ టర్కిష్‌లో, పెదాలు కదపకుండా. "నుర్జన్, నీకు దణ్ణం పెడతాను, ఏడవొద్దు అన్నానని చెప్పు."

నేను జీవితమంతా ఎవరెవరివో మాటలు మెత్తబరిచి, అంచులు కోసి, అవతలివాళ్ళకి నచ్చేలా చెప్పాను. రుయా వీపు మీద చేతులు ఉంచి అదిమిపట్టాను. ఈ మాట చెప్తే రేపు ఇంకొకరు రావచ్చు, దుభాషీని తేవచ్చు, ఇంకెన్ని తలుపులు మూస్తారో. బిర్గిట్ మళ్ళీ నన్ను మా మనిషి అనదు.

"నీకు నేను బలైపోతాను అన్నాను," జర్మన్‌లో చెప్పాను. ఓప్ఫర్ అనే మాటే వాడాను, వేరేది వెతకలేదు. "మా అత్తగారు రోజూ పాపతో అనేది ఇదే. మేం ప్రేమగా అనే మాట ఇది. పాప అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేను. పాపకి నేర్పింది కూడా నేనే."

తహ్సిన్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. రుయా ఊపిరి నా మెడ మీద వెచ్చగా తగులుతోంది.

"మీరు కూడా అంటారా పాపతో, ఈ మాట?" అడిగింది వెసెల్.

"ఇప్పటిదాకా ఎప్పుడూ అనలేదు," అన్నాను. "మీకు భయపడి. ఇకనుంచి రోజూ అంటాను."